టెస్ట్ చేయలేదట, సపోర్ట్ మాత్రం ఉందట. బగ్ వస్తే బాధ్యత ఎవరిది?

గుంటూరు_సిస్టమ్స్
గుంటూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఐటీ పనులు చూస్తాను. ఫార్మసీ బిల్లింగ్‌కి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం, ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఫీజు) కడుతున్నాం. వాళ్లతో ఇంకా మాటలు నడుస్తున్నాయి కాబట్టి పేరు చెప్పను. మా డేటాబేస్ వెర్షన్ పాతబడింది, దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోతాయి, కొత్తదానికి మారండని వాళ్లే మెయిల్ పెట్టారు. వాళ్ల సైట్‌లో సపోర్ట్ ఉన్న వెర్షన్ల పట్టిక ఉంది. అందులో కొత్త వెర్షన్ ఎదురుగా టిక్కు ఉంది. అది చూసుకునే ఒప్పుకున్నాం. వాళ్ల ఇంజనీరే వచ్చి మార్చి వెళ్లాడు.

మందు స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం మాత్రమే ఉంటాయి కదా. ఆగస్టు అని ఉంటే ఆగస్టు 31 దాకా అమ్మొచ్చు. వెర్షన్ మారాక సాఫ్ట్‌వేర్ దాన్ని ఆగస్టు 1గా తీసుకుంది. ఒకటో తారీఖు పొద్దున కౌంటర్ తెరవగానే ఆ నెల గడువున్న బ్యాచ్‌లన్నీ ఎర్రగా చూపించి బిల్లు కొట్టనివ్వలేదు. ఐసీయూ నుంచి వచ్చిన ఇండెంట్‌లో (మందుల కోరిక చీటీలో) అలాంటి ఇంజెక్షన్ ఒకటుంది. మా ఫార్మసిస్ట్ వయల్ లైటు కింద పెట్టి తేదీ చదివి, చేత్తో బిల్లు రాసి పైకి పంపింది. ఆవిడ స్క్రీన్‌నే నమ్మి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

ఫోన్ చేస్తే వాళ్ల సపోర్ట్ లీడ్ చెప్పిన మాట ఇది: "ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఉంది సార్, కానీ ఫార్మసీ మాడ్యూల్‌ని (సాఫ్ట్‌వేర్‌లో ఫార్మసీ భాగాన్ని) దాని మీద టెస్ట్ చేయలేదు. టికెట్ పెట్టండి, సరిచేస్తాం." సాయంత్రానికి సరిచేశారు, కాదనను. నా ప్రశ్న వేరు. టెస్ట్ చేయనిదాని ఎదురుగా టిక్కు పెట్టి డబ్బు తీసుకుంటే, దాని క్వాలిటీకి బాధ్యులు వాళ్లా, మేమా?

కోటప్పకొండ99
వాళ్లే. ఇందులో చర్చ ఏముంది?

సహకార_సంఘం_క్లర్క్
మా సంఘంలోనూ ఇదే తంతు. వడ్డీ లెక్క తేడా వచ్చిందంటే "మీ విండోస్ కొత్తది, అందుకే" అన్నారు. కొత్త విండోస్ కొనమన్నదీ వాళ్లే.

ప్రొడక్ట్_ప్రసాద్
అవతలి వైపు మాట కూడా ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నా. మాది చిన్న కంపెనీ, విజయవాడలో. మా కస్టమర్ల దగ్గర నాలుగు రకాల విండోస్, మూడు డేటాబేస్ వెర్షన్లు, రకరకాల ప్రింటర్లు, బార్‌కోడ్ రీడర్లు ఉన్నాయి. మాడ్యూళ్లు ఇరవై దాకా ఉన్నాయి. అన్నిటినీ అన్నిటి మీదా టెస్ట్ చేయాలంటే ఏ కంపెనీకీ కుదరదు, పెద్దవాళ్లకి కూడా కుదరదు. అందుకే ఎక్కువమంది వాడే కాంబినేషన్ టెస్ట్ చేస్తాం, మిగతావాటికి సమస్య వస్తే చూస్తామని మాటిస్తాం. ఆ మాటే సపోర్ట్. ఏఎంసీ దగ్గర పైసా పైసా బేరమాడి, చివర్లో అన్నీ టెస్ట్ చేశారా అని నిలదీస్తే ఎలా?

గుంటూరు_సిస్టమ్స్
ప్రసాద్ గారూ, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. అయితే ఆ మాట మీ పట్టికలో ఉందా? "ఈ వెర్షన్ మీద ఫార్మసీ మాడ్యూల్ టెస్ట్ చేయలేదు" అని ఒక్క లైన్ రాసి ఉంటే మేము పక్క మెషీన్ మీద ఒక వారం నడిపి చూసుకునేవాళ్లం. మారమని మెయిల్ పెట్టినప్పుడైనా చెప్పలేదు. బేరమాడిన మాట నిజం, బేరం తెగాక కుదిరిన రేటుకి సంతకం పెట్టిందీ వాళ్లే.

టెస్టర్_పద్మ
హైదరాబాద్‌లో పదిహేనేళ్లకి పైగా టెస్టింగ్‌లోనే ఉన్నాను, అందులో హెల్త్‌కేర్ ప్రొడక్ట్ ఒకటి. గుంటూరు గారు చెప్పింది చదవగానే నాకు కోపం వచ్చింది. అది కాంబినేషన్ల సమస్య కానే కాదు.

మందుల సాఫ్ట్‌వేర్‌లో మొట్టమొదట రాసే టెస్ట్ కేసు ఏంటో తెలుసా? ఈ నెలలో గడువు తీరే బ్యాచ్ తీసుకుని బిల్లు కొట్టడం. నెల మొదటి రోజు, చివరి రోజు, మరుసటి నెల మొదటి రోజు. మూడు బిల్లులు. ఫిబ్రవరికి 28, 29 చూస్తాం. ఇదంతా కలిపి ఒక మనిషికి అరగంట పని. కొత్త డేటాబేస్ మీద ఇన్‌స్టాల్ చేసి ఆ మూడు బిల్లులు కొట్టి ఉంటే ఈ బగ్ అక్కడే పట్టుబడేది. ఇరవై మాడ్యూళ్లూ పూర్తిగా టెస్ట్ చేయమని ఎవరూ అడగట్లేదు. ప్రతి మాడ్యూల్‌లో తప్పు జరిగితే మనిషికి హాని కలిగేవి కొన్ని ఉంటాయి. అవి ప్రతి వెర్షన్ మీదా నడపాలి. అవి కూడా నడపకుండా టిక్కు పెట్టడాన్ని నేను తప్పుడు హామీ అనే అంటాను.

తూనికలు కొలతల శాఖ వాళ్లు కాటా మీద ముద్ర వేసేముందు రాళ్లు పెట్టి తూస్తారు. ఆ రాళ్లు పెట్టకుండానే ముద్ర కొడితే ఆ ముద్రకి విలువేముంది?

ప్రొడక్ట్_ప్రసాద్
పద్మ గారూ, ఆ అరగంట వాదన ఒప్పుకుంటా. గడువు తేదీ లాంటివి వదిలేయడం తప్పే. కానీ బగ్ బయటపడ్డాక "ఈ టెస్ట్ ఎందుకు చేయలేదు" అని అడగడం సులువు. ముందే ఏది ముఖ్యమో తెలియాలి కదా.

టెస్టర్_పద్మ
తెలుసండీ. ఫార్మసీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకి గడువు తేదీ ముఖ్యమని బగ్ వచ్చాకే తెలిసిందంటే నేను ఒప్పుకోను.

కోటప్పకొండ99
పద్మ గారికి నా ఓటు. ఎన్నికల్లో నిలబడతానంటే జెండా మోస్తా.

రాయలసీమ_రూట్
పెద్ద కంపెనీలు దీన్ని ఎలా రాసుకుంటాయో చూద్దాం. సర్వర్లకి లినక్స్ అమ్మే రెడ్ హ్యాట్‌లో టెక్నాలజీ ప్రివ్యూ అని ఒక వర్గం ఉంటుంది. ఆ ఫీచర్ సిస్టమ్‌తోనే వస్తుంది, వాడుకోవచ్చు, కానీ ప్రొడక్షన్‌లో (రోజువారీ అసలు పనికి) వాడొద్దు, మామూలు సపోర్ట్ ఒప్పందం దానికి వర్తించదు అని ముందే రాసి ఉంటుంది. డిస్క్ మీద ఫైళ్లు భద్రపరిచే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అలాగే ఆరో వెర్షన్‌లోనూ ఏడో వెర్షన్‌లోనూ ప్రివ్యూగానే ఉండి, ఎనిమిదిలో ఏకంగా తీసేశారు. దాన్ని నమ్ముకుని డేటా పెట్టుకున్నవాళ్లు కష్టపడ్డారు, కానీ మమ్మల్ని మోసం చేశారని అనలేరు. ముందే చెప్పారు.

ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో మెయిన్ అని, యూనివర్స్ అని ప్యాకేజీలు రెండు గూళ్లలో ఉంటాయి. మెయిన్‌లో ఉన్నవాటిని కానానికల్ కంపెనీ చూసుకుంటుంది. యూనివర్స్‌లో ఉన్నవి కమ్యూనిటీ వాళ్లవి, వాటికి కంపెనీ ప్యాచ్‌లు కావాలంటే ఉబుంటు ప్రో అనే సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. గీత ఎక్కడుందో తెలుస్తోంది. గుంటూరు గారి వెండర్ గీసిన గీత ఎక్కడ?

ఓరుగల్లు_కెర్నల్
గీత ఉందన్నావు సరే రూట్ తమ్ముడూ, అది ఎంతమందికి కనబడుతుంది? ఇన్‌స్టాల్ కమాండ్ రెండిటికీ ఒకటే. నాకు తెలిసిన అడ్మిన్లలో సగం మందికి తాము వాడుతున్న ప్యాకేజీ ఏ గూటిలోదో తెలియదు. ఎక్కడో పేజీలో రాసి పెట్టాం కాబట్టి మా పని అయిపోయింది అనడం కూడా తప్పించుకోవడమే. ఇన్‌స్టాల్ చేసే క్షణంలో కళ్ల ముందు చెప్పాలి.

రాయలసీమ_రూట్
అది ఒప్పుకుంటా అన్నా.

ఓరుగల్లు_కెర్నల్
ఇంకో కథ ఉంది, కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్లు తెలుసుకోవాల్సింది. 2006లో డెబియన్ అనే లినక్స్ తయారుచేసేవాళ్లు తమ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (రహస్య కీలు తయారుచేసే లైబ్రరీ) ప్యాకేజీలో చిన్న మార్పు చేశారు. మెమరీ తనిఖీ చేసే టూల్ ఏవో హెచ్చరికలు ఇస్తోందని రెండు లైన్లు తీసేశారు. తీసేముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల మెయిలింగ్ లిస్టులో అడిగారు కూడా, డీబగ్గింగ్‌కి సాయమవుతుందంటే తీసేయొచ్చన్నట్టే జవాబొచ్చింది. ఆ లైన్లతో పాటు కీలు తయారుచేసే చోట యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయింది. మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే ఒక రకం మెషీన్ మీద ఒక రకం, ఒక సైజు కీ తీసుకుంటే మొత్తం 32,768కి మించి రావు. ఎవరైనా అన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూడొచ్చు. 2008 మేలో బయటపడింది. దాదాపు రెండేళ్లు డెబియన్‌లోనూ, దాని మీద ఆధారపడ్డ ఉబుంటులోనూ తయారైన ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్లలోకి లాగిన్ అయ్యేవి), సర్టిఫికెట్లు మార్చాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ పనిచేస్తూనే ఉంది. కీ తయారవుతోంది, లాగిన్ అవుతోంది, ఎవరికీ అనుమానం లేదు. ఒకే మెషీన్ మీద ఒకే రకం, ఒకే సైజు కీలు 32,768కి మించి విడివిడిగా తయారుచేసి వాటిలో రెండు ఒకేలా ఉన్నాయా అని చూసే టెస్ట్ ఒక్కటి ఉంటే దొరికేది. వేరేవాళ్లు రాసిన కోడ్‌ని మార్చి తన పేరుతో పంచేవాడికి ఆ మార్పు వరకైనా టెస్ట్ చేసే బాధ్యత ఉంటుందని నేను అప్పటినుంచీ అంటున్నా.

ఖాళీ_టైమ్_కోడర్
ఇక్కడ ఒక హెచ్చరిక. డెబియన్ వాళ్లు వాలంటీర్లు. నేను కూడా ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడుపుతున్నాను, రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక. లైసెన్స్‌లో 'ఉన్నది ఉన్నట్టు' ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని స్పష్టంగా ఉంటుంది. నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జేలో (చాలా ప్రోగ్రాములు వాడే ఉచిత లైబ్రరీ) లోపం బయటపడినప్పుడు ఆ కొద్దిమంది వాలంటీర్ల మీద పడి ప్రపంచమంతా అరిచింది. దాన్ని తమ ప్రొడక్టుల్లో పెట్టుకుని అమ్ముకున్న కంపెనీలు మాత్రం వెనకాల నిలబడ్డాయి. ఈ చర్చ కూడా అటు పోతే నేను ఒప్పుకోను.

ఓరుగల్లు_కెర్నల్
నీ మీద కాదు. డబ్బు తీసుకున్నవాడి మీదే. డెబియన్ సంగతి సాంకేతికంగా ఏం జరిగిందో చెప్పడానికి తెచ్చా. దాన్ని సర్వర్‌లో పెట్టి అమ్మిన హోస్టింగ్ వాళ్లని అడగాలి.

ఖాళీ_టైమ్_కోడర్
అలా అయితే సరే. నా మాట కూడా అదే: హామీ లేదు అని ఉచితంగా ఇచ్చినవాడు వేరు, ఆ హామీ నేనిస్తానని బిల్లు వేసినవాడు వేరు. వాలంటీర్ కోడ్‌ని తన ప్రొడక్టులో కలుపుకున్నాక దానికి టెస్టింగ్ చేయాల్సిందీ, అసలు ప్రాజెక్టుకి ప్యాచ్ పంపాల్సిందీ రెండోవాడే.

శంషాబాద్_రన్‌వే
ఫ్లైట్లు ఆగిపోయిన రోజు ఎవరికైనా గుర్తుందా? 2024 జూలై 19. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఫొటోలు దేశమంతా తిరిగాయి. నేను ఆ రోజు టెర్మినల్ లోపలే డ్యూటీలో ఉన్నా. సీటు నంబరు పెన్నుతో రాసి, పేరు పిలిచి ఎక్కించారు. ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు గంటలు గంటలు నిలబడ్డారు.

టెస్టర్_పద్మ
అది ఈ చర్చకి సరిగ్గా సరిపోయే కేసు, కొంచెం వివరంగా చెబుతా. క్రౌడ్‌స్ట్రైక్ ఫాల్కన్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్. మన టైమ్ ప్రకారం పొద్దున 9:39కి ఒక కంటెంట్ ఫైలు వదిలారు, ఛానల్ ఫైల్ 291. 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరలోకి వెళ్లాయి. చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే విండోస్ తాళం) ఉన్నచోట రికవరీ కీ వెతుక్కోవాలి.

కారణం వాళ్లే రాసి పెట్టారు. కొత్త టెంప్లేట్‌లో 21 ఇన్‌పుట్ ఫీల్డులు ఉన్నాయి, మెషీన్లలో ఉన్న సెన్సర్ (ఫాల్కన్ ప్రోగ్రామ్) కోడ్ ఇచ్చేది 20. అంతకు ముందు వచ్చిన ఫైళ్లలో 21వ దాని దగ్గర 'ఏదైనా సరే' అని ఉండటంతో అది ఎప్పుడూ చదవలేదు, బయటపడలేదు. ఆ రోజు వచ్చినదాంట్లో దానికి నిజమైన విలువ అవసరమైంది. లేని చోట చదవబోయి మెషీన్ కుప్పకూలింది. వదిలేముందు ఫైలుని తనిఖీ చేయాల్సిన వాలిడేటర్ ప్రోగ్రామ్‌లోనే బగ్ ఉండి పాస్ చేసేసింది.

ఇక్కడ ముఖ్యమైన విషయం. సెన్సర్ వెర్షన్ విషయంలో కస్టమర్‌కి ఛాయిస్ ఉండేది, ఒకటి రెండు వెర్షన్లు వెనక ఉండొచ్చు. కంటెంట్ ఫైళ్లకి ఆ ఛాయిస్ లేదు, విడతలుగా వదలడమూ లేదు, అందరికీ ఒకేసారి. అసలు మెషీన్ మీద ఒక్కసారి వేసి రీబూట్ చేసి ఉంటే తెలిసిపోయేది. తర్వాత విడతలుగా వదలడం మొదలుపెట్టారు, కస్టమర్‌కి కంట్రోల్ ఇచ్చారు. అంటే అది ముందే చేయగలిగిన పనే.

ప్రొడక్ట్_ప్రసాద్
నష్టం ఎవరైనా కట్టారా మరి? ఒప్పందంలో లిమిట్ ఉంటుంది కదా.

లా_పాయింట్
డెల్టా ఎయిర్‌లైన్స్ 2024 అక్టోబర్‌లో జార్జియాలో కేసు వేసింది. దాదాపు 7,000 ఫ్లైట్లు రద్దయ్యాయి, 50 కోట్ల డాలర్ల నష్టం అని వాదన. ఒప్పందం ప్రకారం తమ బాధ్యత మహా అయితే కొన్ని మిలియన్ డాలర్లే అని క్రౌడ్‌స్ట్రైక్ లాయర్లు అన్నారు. 2025 మేలో జడ్జి ఘోర నిర్లక్ష్యం ఆరోపణతో సహా చాలా భాగాన్ని ముందుకు వెళ్లనిచ్చారు. లిమిట్ క్లాజు ఉన్నంత మాత్రాన కోర్టు తలుపులు మూసుకుపోవు.

నేను సివిల్ లాయర్‌ని, ఐటీ ఒప్పందాలు చూస్తుంటాను. ఈ థ్రెడ్ ప్రశ్నకి దగ్గరగా వచ్చే తీర్పు ఒకటుంది, ఇంగ్లండ్‌ది. సెయింట్ ఆల్బన్స్ అనే ఊరి కౌన్సిల్ స్థానిక పన్ను లెక్కలకి ఐసీఎల్ కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకుంది. దాంట్లో బగ్ వల్ల జనాభా లెక్క 2,966 మంది ఎక్కువ వచ్చింది. మనుషులు ఎక్కువ ఉన్నారనుకుని తలకి పన్ను తక్కువ పెట్టారు. 13 లక్షల పౌండ్ల దాకా దెబ్బ. ఒప్పందంలో లిమిట్ లక్ష పౌండ్లు.

ఐసీఎల్ వాదన ఏంటంటే, ఇది ఇంకా తయారవుతున్న సాఫ్ట్‌వేర్ అని మీకు తెలుసు, బగ్‌లుంటాయని తెలిసే తీసుకున్నారు అని. 1996లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. తయారీలో ఉందని ఇద్దరికీ తెలిసినంత మాత్రాన, ఆ దశలో చేయాల్సిన పని కూడా చేయలేని సాఫ్ట్‌వేర్ ఇవ్వడానికి కంపెనీకి స్వేచ్ఛ దొరికినట్టు కాదు అని తేల్చింది. నష్టపరిహారం కొంత తగ్గించింది, కానీ లక్ష లిమిట్ అన్యాయమని కింది కోర్టు చెప్పినదాన్ని నిలబెట్టింది. కంపెనీకి 5 కోట్ల పౌండ్ల ఇన్సూరెన్స్ ఉండగా లక్షకి కుదించడం ఏమిటని కూడా చూశారు.

గుంటూరు_సిస్టమ్స్
ఇది వింటుంటే ఊపిరి పీల్చుకున్నట్టుంది. మన దగ్గర అలా అడగొచ్చా సార్?

లా_పాయింట్
మన దగ్గర కొంచెం కష్టం, ఉన్నది ఉన్నట్టు చెబుతా. ఇంగ్లండ్‌లో అన్యాయమైన క్లాజుల్ని కొట్టేయడానికి 1977 చట్టం ఉంది, వ్యాపార సంస్థల మధ్య ఒప్పందాలకీ వర్తిస్తుంది. మనకి అలాంటిది లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రొడక్ట్ లయబిలిటీ ఉంది, కానీ వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారు. హాస్పిటల్ బిల్లింగ్ అంటే అవతలివాళ్లు మొదట లేవనెత్తే అభ్యంతరం అదే.

రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకు కిందికి వస్తుందని మాత్రం 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. టీసీఎస్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకం పన్ను కేసు అది. సరుకు అయితే 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొన్న అవసరానికి పనికిరావాలి అని అడగడానికి దారి దొరుకుతుంది. కానీ అదే చట్టం 62వ సెక్షన్ ఆ హామీని ఒప్పందంలో రాసుకుని తీసేయొచ్చంటుంది. వెండర్లు తీసేస్తారు కూడా. కాబట్టి గుంటూరు గారూ, మీ బలం అంతా మీ దగ్గరున్న కాగితాల్లోనే ఉంది. ఆ పట్టిక, మారమని పెట్టిన మెయిల్, టెస్ట్ చేయలేదన్న మాట. చివరిది ఫోన్‌లో అన్నారు కాబట్టి మెయిల్‌లో రప్పించండి.

కోటప్పకొండ99
పట్టిక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇవాళే. రేపటికి టిక్కు మాయమవుతుంది.

గుంటూరు_సిస్టమ్స్
తీశాను.

మ్యూనిక్_మాధవి
యూరప్ సంగతి చెబుతా, ఇక్కడ మా ఆఫీసులో ఏడాదిగా ఇదే పని. సైబర్ రెజిలియన్స్ యాక్ట్ అని కొత్త చట్టం 2024 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. అసలు నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి. డిజిటల్ ప్రొడక్ట్ అమ్మేవాళ్లు తెలిసిన లోపాలు లేకుండా మార్కెట్‌లో పెట్టాలి, సపోర్ట్ కాలం ఎంతో ముందే చెప్పాలి, మామూలుగా కనీసం ఐదేళ్లు ఉండాలి. తప్పితే జరిమానా కోటిన్నర యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. వ్యాపారం కోసం కాకుండా ఇచ్చే ఓపెన్ సోర్స్‌ని వదిలేశారు, కాబట్టి ఖాళీ టైమ్ గారు నిశ్చింతగా పడుకోవచ్చు.

అయితే ఇది సెక్యూరిటీ లోపాలకే. గడువు తేదీ తప్పు చూపించడం లాంటివి దీంట్లోకి రావు. దాని పక్కనే ప్రొడక్ట్ లయబిలిటీ డైరెక్టివ్ అని ఇంకోటి ఉంది, సాఫ్ట్‌వేర్‌ని కూడా ప్రొడక్ట్ అంటుంది, సభ్య దేశాలు 2026 డిసెంబర్ 9 లోపు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి. అదీ మనుషులకి జరిగిన హానికే, కంపెనీకి వచ్చిన వ్యాపార నష్టానికి కాదు.

ప్రొడక్ట్_ప్రసాద్
అలాంటి చట్టం ఇక్కడికొస్తే నాలాంటి వాళ్లం షట్టర్ దించుకోవాలి. పెద్దవాళ్లకి లాయర్లుంటారు. పది మంది ఉన్న కంపెనీ ఏం చేస్తుంది?

సహకార_సంఘం_క్లర్క్
పది మంది ఉన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద మా సంఘంలో ఎన్నో రైతు కుటుంబాల పంట రుణాలు నడుస్తున్నాయి ప్రసాద్ గారూ. చిన్న కంపెనీ కాబట్టి చిన్న తప్పు అవ్వదు. వడ్డీ తేడా వచ్చిన రైతు మా కౌంటర్ ముందు నిలబడి నన్ను దొంగ అన్నాడు. ఆయన తప్పు లేదు.

ఓరుగల్లు_కెర్నల్
క్లర్క్ గారు అన్నది బ్రిటన్‌లో నిజంగా జరిగింది. పోస్టాఫీసుల్లో ఫుజిత్సు వాళ్ల హొరైజన్ సాఫ్ట్‌వేర్ లేని లోటు చూపించింది. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లకి (చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లకి) దొంగతనం, తప్పుడు లెక్కలు అని శిక్షలు పడ్డాయి. ఇళ్లు అమ్ముకున్నారు, జైలుకి వెళ్లారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. సిస్టమ్‌లో బగ్‌లున్నాయని 2019 డిసెంబర్‌లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. బగ్‌లున్నాయని ఫుజిత్సు యూరప్ పెద్ద 2024 జనవరిలో ఎంపీల ముందు ఒప్పుకున్నాడు, పరిహారంలో భాగం పంచుకునే నైతిక బాధ్యత ఉందన్నాడు. అన్నేళ్లూ అది సపోర్ట్‌లో ఉన్న సాఫ్ట్‌వేరే. టికెట్ పెడితే చూసేవాళ్లున్నారు, సరిచేసేవాళ్లున్నారు.

ప్రొడక్ట్_ప్రసాద్
దీనికి నా దగ్గర జవాబు లేదు.

రాయలసీమ_రూట్
టెస్టింగ్‌ని యూజర్ల మీదకి తోసేయడం ఇంకో రకం. విండోస్ 10లో 1809 అప్‌డేట్ గుర్తుందా? 2018 అక్టోబర్ 2న వదిలారు. కొందరికి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు ఎగిరిపోయాయి. 6వ తారీఖున ఆపేశారు, నవంబర్ 13న మళ్లీ వదిలారు. బాధాకరం ఏంటంటే ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో (అప్‌డేట్లని ముందుగా వాడి చూసేది) ఉన్న మామూలు యూజర్లు ముందే ఫిర్యాదు పెట్టారు, ఓట్లు తక్కువ పడ్డాయని పైకి రాలేదు. తర్వాత ఫిర్యాదు తీవ్రత రాసే ఆప్షన్ కలిపారు. డేటా పోయిందన్న మాటకి ఓట్లు ఎందుకు కావాలి?

మీసేవ_మిత్ర
ప్రభుత్వ ప్రాజెక్టుల్లో ఉన్నవాడిగా ఒక మాట. టెండర్లలో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) జాబితాలో ఉన్న ఆడిటర్ దగ్గర సర్టిఫికెట్ తెమ్మంటారు. అందరూ దాన్ని చూసి టెస్టింగ్ అయిపోయిందనుకుంటారు. అది సెక్యూరిటీ ఆడిట్ మాత్రమే. దరఖాస్తులో కులం, ఆదాయం, తేదీలు సరిగ్గా ప్రింట్ అవుతున్నాయా అని చూడరు, అది వాళ్ల పని కాదు. ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ టెస్టింగ్ సంస్థ) లాంటి చోట ఫంక్షనల్ టెస్టింగ్ (పని సరిగ్గా చేస్తోందా అన్న పరీక్ష) కూడా చేయించొచ్చు, కానీ టెండర్‌లో అడిగితేనే. కాబట్టి అడగండి.

గుంటూరు_సిస్టమ్స్
వచ్చే వారం రెన్యువల్ మీటింగ్ ఉంది. ఒప్పందంలో కలపడానికి ఒక క్లాజు రాశాను, చూసి చెప్పండి:

"సపోర్ట్ పట్టికలో చూపిన ప్రతి వెర్షన్‌పై, హాస్పిటల్ వాడుతున్న ప్రతి మాడ్యూల్‌ను విక్రేత ముందుగా పరీక్షించి, తేదీతో సహా ఫలితాలు ఇవ్వాలి. పరీక్షించని మాడ్యూళ్ల పేర్లు విడిగా రాసి ఇవ్వాలి. అలా రాసి ఇవ్వనివన్నీ పరీక్షించినట్టే లెక్క. వాటిలో లోపం వల్ల కలిగే నష్టానికి పరిమితి లేదు."

టెస్టర్_పద్మ
'ప్రతి మాడ్యూల్‌ను పరీక్షించి' అంటే ఒకసారి తెరిచి మూసి పరీక్షించామంటారు. రోగి భద్రతకి సంబంధించిన కేసుల జాబితా మీరే తయారుచేసి అనుబంధంగా పెట్టండి. గడువు తేదీ, డోసు, ఒకేలా వినిపించే మందుల పేర్లు, రిటర్న్‌లు, బ్యాచ్ మార్పు. మీ ఫార్మసిస్ట్‌ని కూర్చోబెట్టి అడగండి, ఆవిడకి మనందరికన్నా ఎక్కువ తెలుసు.

ప్రొడక్ట్_ప్రసాద్
మొదటి మూడు వాక్యాలకి నేనైతే సంతకం పెడతాను. నిజానికి పరీక్షించనివి రాసి ఇవ్వడం మాకూ మేలే, ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. చివరి వాక్యానికి చిన్న కంపెనీ ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నవాడు కట్టలేడు. కట్టలేనివాడి సంతకంతో మీకేం లాభం?

లా_పాయింట్
ప్రసాద్ గారితో ఏకీభవిస్తాను. 'పరిమితి లేదు' తీసేసి, విక్రేత ఇన్సూరెన్స్ కవరేజీ ఎంతో అంత వరకు అని పెట్టండి. ఘోర నిర్లక్ష్యానికి, మనిషికి హాని జరిగిన సందర్భానికి ఆ పరిమితి వర్తించదని విడిగా రాయండి. సెయింట్ ఆల్బన్స్ కేసులో కోర్టు చూసిందీ ఆ ఇన్సూరెన్స్ సంగతే.

గుంటూరు_సిస్టమ్స్
ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడిగితే ఇస్తారా?

లా_పాయింట్
అడగండి, ఇవ్వకపోతే సంతకం ఆపండి. పాలసీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీదే (వృత్తిపరమైన తప్పుల వల్ల ఇతరులకి కలిగే నష్టానికి) అయ్యుండాలి. ఆఫీసుకి చేయించిన ఫైర్ పాలసీ చూపించి పంపేసినవాళ్లు నాకు తగిలారు.